పెనాల్టీ గేమ్‌లకి పైసలు పోయే దారి మూయండి: బ్యాంకులకి, యూపీఐ కంపెనీలకి, సైబర్ పోలీసులకి బహిరంగ లేఖ

రిజర్వ్ బ్యాంకు అధికారులకి, యూపీఐ వ్యవస్థని నడిపే ఎన్‌పీసీఐ అధికారులకి, బ్యాంకుల బ్రాంచి మేనేజర్లకి, యూపీఐ యాప్‌లు నడిపే కంపెనీలకి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సైబర్ పోలీసు అధికారులకి,

నమస్కారం. నేను సికింద్రాబాద్ వైపు ఒక గ్రౌండ్‌లో పొద్దున పూట పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తా. పెద్ద అకాడమీ ఏం కాదు, నాలుగు బాల్స్, కొన్ని కోన్లు, వచ్చినోళ్లకి నేర్పుడు అంతే. ఫోన్‌లో పైసలు పెట్టి ఆడే పెనాల్టీ గేమ్ వల్ల మా దగ్గర ఆడే ఒక పిల్లగాడి ఇంట్లో జరిగిన నష్టం గురించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టాం, బ్యాంకులో కాగితం మీద రాసిచ్చాం, స్టేషన్‌కి కూడా పోయాం. అందరూ మర్యాదగానే మాట్లాడారు, పని మాత్రం ఎవరి దగ్గరా కాలేదు, ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపారు. అందుకే మీ అందరికీ కలిపి ఒకటే లెటర్, నలుగురూ చదివేటట్టు రాస్తున్నా.

నేను అడిగేది ఒక్కటే పని. ఈ గేమ్‌లకి పైసలు పోయే దారి మూయండి. సైట్ మూస్తే పేరు చివర ఒక అంకె మార్చి మళ్లీ వస్తుంది, యాప్ తీసేస్తే టెలిగ్రామ్‌లో ఇంకో లింక్ వస్తుంది, కానీ మా బస్తీ పిల్లగాడి పది రూపాయలు వాళ్లకి చేరాలంటే మాత్రం మన దేశం బ్యాంకు అకౌంట్‌లోనే పడాలి, మీ యూపీఐ మీదనే పోవాలి. అంటే ఆపగలిగే చోట ఉన్నది మీరే.

ముందు ఈ ఆట ఏందో చెప్తా, ఎందుకంటే మేం కలిసిన ఆఫీసర్లలో సగం మంది దీన్ని పిల్లలు ఆడుకునే ఫుట్‌బాల్ గేమ్ అనుకున్నారు, పైసలు పెట్టే క్యాసినో అని చెప్తే ఫోన్ తీసుకుని మళ్లీ చూశారు.

స్క్రీన్ మీద గోల్ పోస్ట్ ఉంటది, ఒక కీపర్ ఉంటాడు. ముందు ఒక దేశం జెండా ఎంచుకోవాలి, బ్రెజిల్, అర్జెంటీనా, పోర్చుగల్, నీ ఇష్టం. పైసలు పెట్టి గోల్‌లో ఐదు చోట్లలో ఒకటి నొక్కితే బొమ్మ ప్లేయర్ పెనాల్టీ కొడతాడు. గోల్ అయితే పైసలు పెరుగుతాయి, అక్కడ ఆగి తీసేసుకోవచ్చు, లేదా ఇంకోటి కొట్టొచ్చు, ఐదు గోల్స్ దాకా. కీపర్ పట్టాడా, అప్పటిదాకా వచ్చింది మొత్తం పోయినట్టే. రూల్స్ నేర్చుకునే పనే లేదు. రమ్మీ ఆడాలంటే ముక్కలు తెలియాలి, క్రికెట్ బెట్టింగ్‌కి కనీసం మ్యాచ్ ఉండాలి, దీనికి రెండూ అక్కర్లేదు, అర్ధరాత్రి రెండింటికి కూడా కీపర్ రెడీగా నిలబడే ఉంటాడు.

కోచ్‌గా నాకు మండేది ఇక్కడే. నిజం పెనాల్టీ 11 మీటర్ల దూరం నుంచి కొడతారు, గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. కిక్ తగిలేదాకా కీపర్ కనీసం ఒక కాలు లైన్ మీద ఉంచాలి. అందుకే పెద్ద మ్యాచ్‌లలో నాలుగు పెనాల్టీల్లో సుమారు మూడు గోల్ అవుతాయి, ప్రాక్టీస్ చేస్తే మనిషి మెరుగవుతాడు, కీపర్ ఎటు దూకుతాడో చదవడం నేర్చుకుంటాడు. ఫోన్‌లో చదవడానికి ఏం లేదు. నువ్వు ఎడమ నొక్కినా కుడి నొక్కినా ఫలితం ఒక రాండమ్ నంబర్ తేల్చేస్తది, బొమ్మ కీపర్ దానికి తగ్గట్టు దూకుతాడు. మా పిల్లలు మాత్రం "సార్, టాప్ కార్నర్ కొడితే పడుతుంది" అని స్కిల్ ఉన్నట్టు మాట్లాడుతున్నారు, నేను గ్రౌండ్‌లో చెప్పిన మాటే అక్కడ వాళ్లని ముంచుతోంది.

లెక్క కూడా చెప్తా, బ్యాంకు వాళ్లు కాబట్టి మీకు తొందరగా అర్థమవుతుంది. ఇట్లాంటి గేమ్‌లలో బాగా నడిచే ఒకదాంట్లో మొదటి గోల్‌కి 1.92 రెట్లు, రెండో గోల్‌కి 3.84, తర్వాత 7.68, 15.36, ఐదోదానికి 30.72. వంద పెట్టి ఐదూ కొడితే 3,072 రూపాయలు, వినడానికి మస్తుగా ఉంది. వంద పందేనికి సగటున 96 తిరిగి ఇస్తామని వాళ్లే రాసుకున్న 96 శాతం లెక్కతో చూస్తే ఒక్కో షాట్ గోల్ అయ్యే అవకాశం సగం సగం, అంటే ఐదూ వరుసగా పడటం 32లో ఒకసారి. న్యాయంగా ఇస్తే 3,200 ఇవ్వాలి. రెండు గోల్స్‌కి ఆగినా అంతే, నాలుగింట్లో ఒకసారి 384, సగటున 96. ఎక్కడ ఆగినా 96. మొదటి షాట్‌లోనే నాలుగు రూపాయలు కోసేసుకుని తర్వాత ఉత్త రెట్టింపు చేసుకుంటూ పోతారు. నిజం పెనాల్టీ నాలుగింట్లో మూడు పడుతుంటే వీళ్లది రెండే పడుతుంది, అయినా చూసేవాడికి ఫుట్‌బాల్ లాగనే కనపడుతది, తెలివంతా అక్కడే పెట్టారు.

నాలుగు శాతమేగా అంటారేమో. ఆట స్పీడ్ చూడండి. నిమిషానికి నాలుగుసార్లు, సారికి 50 రూపాయలు వేసుకున్నా గంటలో 12,000 రూపాయల పందెం తిరుగుతుంది, అందులో నాలుగు శాతం 480. కూలికి పోయేవాడి సగం రోజు సంపాదన గంటలో పోతుంది, అది కూడా వాడు బుద్ధిగా 50 దాటకుండా ఆడితేనే, పోయినదాన్ని తెచ్చుకోవాలని రెట్టింపు పెట్టుకుంటూ పోతే లెక్కే ఉండదు. పైగా ఈ 96 అనేది అసలు కంపెనీ గేమ్ అయితే. టెలిగ్రామ్ లింక్‌లో వచ్చే ఏపీకే ఫైల్‌లో, అంటే యాప్ స్టోర్ బయట నుంచి వేసుకునే యాప్‌లో ఉన్నది దాని నకలు అయితే ఎంత శాతం ఇస్తారో అడిగే నాథుడే లేడు.

ఇప్పుడు మామూలు జనం మీద ఏం పడుతోందో ఒక్కొక్కటిగా.

1. పైసలు ఎవరికి పోతున్నాయో కట్టేవాడికే తెలియదు. యాప్‌లో డిపాజిట్ నొక్కితే ఒక క్యూఆర్ వస్తుంది. ఒకసారి ఎవరో మనిషి పేరు, ఇంకోసారి ఏదో ట్రేడర్స్, ఇంకోసారి ఏదో జనరల్ స్టోర్స్. ఒక్క రోజులోనే పేర్లు మారుతుంటాయి. ఇవన్నీ అద్దెకి తీసుకున్న అకౌంట్లు, కమిషన్‌కి ఆశపడి పాస్‌బుక్, సిమ్ అప్పజెప్పిన స్టూడెంట్లవి, కూలీలవి. రేపు కేసు అయితే ముందు దొరికేది వాళ్లే, నడిపేవాడు ఎక్కడో బయటి దేశంలో కూర్చుని ఉంటాడు.

2. గెలిచినా కష్టమే, ఇది చాలామందికి తెలియదు, మాకూ జరిగేదాకా తెలియదు. నేను చెప్పిన పిల్లగాడి నాన్నకి టిఫిన్ బండి ఉంది. బండి మీద క్యూఆర్ పెట్టుకున్నారు, పొద్దున ఇడ్లీ దోశ పైసలన్నీ అదే అకౌంట్‌లో పడతాయి. పిల్లగాడు ఆ అకౌంట్‌తోనే ఆడాడు. మూడొందలు, ఐదొందలు అనుకుంటూ చాలా పోగొట్టాడు, మధ్యలో ఒకసారి 1,800 గెలిచి విత్‌డ్రా కొట్టాడు. ఆ 1,800 పంపిన అకౌంట్ వేరే రాష్ట్రంలో ఇంకేదో మోసం కేసులో ఉందట. కొన్నాళ్లకి అక్కడి పోలీసులు రాశారని బండాయన అకౌంట్ మొత్తం ఫ్రీజ్ చేశారు. 1,800 కాదండి, మొత్తం. రేపటి మినపప్పుకి, గ్యాస్ సిలిండర్‌కి, బండి కిరాయికి ఉన్న పైసలన్నీ లోపలే ఉండిపోయినయి. బ్యాంకులో అడిగితే అక్కడికి పోయి ఆ పోలీసుల దగ్గర అభ్యంతరం లేదనే కాగితం, ఎన్‌ఓసీ తెచ్చుకోండి అన్నారు. ఆయనకి హిందీ సరిగ్గా రాదు, బండి రెండు రోజులు పెట్టకపోతే ఇల్లు గడవదు, ఆయన రైలెక్కి ఎక్కడికి పోతాడు? క్యూఆర్ కాగితం పీకేసి క్యాష్ ఓన్లీ అని రాసి పెట్టుకున్నారు, సగం మంది గిరాకీ చిల్లర లేదని పక్క బండికి పోతోంది. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపండి, అకౌంట్ అంతా కట్టేయొద్దు అని కేరళ హైకోర్టు 2023లోనే చెప్పింది, మన దగ్గర బ్రాంచిలో ఈ మాట చెప్తే మొహం మొహం చూసుకున్నారు.

3. పోయిన పైసల గురించి అడిగితే "పిన్ మీరే కొట్టారు కదా, ఇది ఫ్రాడ్ కిందకి రాదు" అంటున్నారు. నిజమే, పిన్ కొట్టింది వాడే. కానీ కిరాణా షాపు పేరు మీద తీసుకున్న క్యూఆర్‌లో రాత్రి ఒంటి గంటకి వంద మంది దగ్గర నుంచి గుండ్రటి అంకెల్లో పైసలు పడుతుంటే అది కిరాణా షాపు కాదని మీ సిస్టమ్‌కి తెలియదా? దొంగ అకౌంట్లు పట్టుకోవడానికి రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే ఏఐ టూల్ తయారు చేసిందని 2024 డిసెంబర్‌లో పేపర్లలో చదివాం, మంచిదే, మరి అది మా గల్లీ దాకా ఎప్పుడు వస్తుంది?

4. బోనస్ పేరుతో కట్టిపడేస్తున్నారు. 500 కడితే 500 ఫ్రీ అంటారు. కింద చిన్న అక్షరాల్లో ఆ బోనస్‌కి 30 రెట్లు ఆడితేనే విత్‌డ్రా అని ఉంటది. అంటే 15,000 పందెం తిప్పాలి, నాలుగు శాతం లెక్కన అందులో సగటు నష్టమే 600. ఐదొందల ఫ్రీ కోసం ఆరొందలు పోవుడు. ఇంటర్ చదివే పిల్లగాడికి ఈ లెక్క ఎవరు చెప్తారు, రీల్‌లో "అన్నా లింక్ బయోలో ఉంది" అనేవాడు చెప్పడు కదా. ఆ రీల్ అన్నకి చాలా చోట్ల కమిషన్ వచ్చేది కూడా తన కోడ్‌తో చేరినోళ్లు పోగొట్టిన దాంట్లోంచే, ఫాలోవర్ ఎంత మునిగితే ఈయనకి అంత లాభం. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేసినోళ్ల మీద పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో కేసులు పెట్టారు, సిట్ వేశారు, తర్వాత ఈడీ కూడా వచ్చింది, పెద్ద మొహాలు కొంచెం తగ్గినయి. చిన్న చిన్న పేజీలు, టెలిగ్రామ్ గ్రూపులు మాత్రం అట్లనే నడుస్తున్నయి. కీపర్ ఎటు దూకుతాడో ముందే చెప్తాం అని "సిగ్నల్" అమ్మేవాళ్లు కూడా తయారయ్యారు, అదింకో మోసం, రాండమ్‌గా వచ్చేదానికి సిగ్నల్ ఏంది?

5. భయంతో ఎవరూ నోరు విప్పట్లేదు. తెలంగాణలో గేమింగ్ చట్టానికి చేసిన 2017 సవరణ నుంచి ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడుడు నేరం, ఆంధ్రలో 2020 సవరణలో ఆడినవాడికి కూడా ఆరు నెలల దాకా జైలు పెట్టారు. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు, నడిపేవాడికే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, యాడ్స్ చేసినవాడికి రెండేళ్లు, 50 లక్షలు. ఈ తేడా ఇంట్లో వాళ్లకి తెలియదు. కంప్లైంట్ ఇస్తే మా వాడినే లోపలేస్తారేమో అని తల్లులు ఊరుకుంటున్నారు, లోన్ యాప్‌లో అప్పు చేసి కడుతున్నారు, చిట్టీ పాట ముందే పాడేస్తున్నారు, తీరా అప్పులోళ్లు ఇంటి ముందుకు వచ్చినాక లొల్లి అవుతుంది. అప్పుడు మీ దగ్గరికి వచ్చినా ఆ పైసలు ఎన్ని అకౌంట్లు దాటిపోయి ఉంటాయో మీకే బాగా తెలుసు.

6. ఇది నా సొంత బాధ, లెక్కల్లోకి రాదు. హైదరాబాద్ అంటే ఒకప్పుడు ఇండియా ఫుట్‌బాల్. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్, అవును సార్, మీ డిపార్ట్‌మెంట్ టీమే. ఆ టీమ్‌ని తయారు చేసిన రహీం సాబ్ కోచ్‌గా ఉన్నప్పుడే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో ప్లేస్‌లో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో గోల్డ్ కొట్టింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గారు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ చేశారు. ఇప్పుడు అదే సికింద్రాబాద్‌లో గ్రౌండ్ కోసం మేం అప్లికేషన్లు పెట్టుకుంటూ తిరుగుతున్నాం, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన హైదరాబాద్ టీమ్ కూడా ఢిల్లీకి పోయింది, పిల్లలకి ఫుట్‌బాల్ అంటే ఫోన్‌లో ఐదు చోట్ల నొక్కుడు అయిపోయింది. 2026 వరల్డ్ కప్ అంటే 48 టీములు, 104 మ్యాచ్‌లు, అమెరికా, కెనడా, మెక్సికోలో కాబట్టి మన టైమ్‌కి చాలావరకు అర్ధరాత్రి నుంచి పొద్దున దాకా. మ్యాచ్ కోసం మేల్కొన్న పిల్లగాడి చేతిలోనే ఫోన్ ఉంటది, ఈ యాప్‌లోళ్లకి అంతకంటే మంచి సీజన్ ఏముంటది.

సరే, ఇక మేం అడిగేవి. చట్టం లేదని ఎవరూ అనడానికి లేదు. పైన చెప్పిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం 2025 ఆగస్టు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో పాసయి 22న రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. ఇట్లాంటి ఆటలకి పైసలు చేరవేయొద్దని బ్యాంకులకి, పేమెంట్ కంపెనీలకి అందులోనే ఉంది, దానికి కూడా మూడేళ్లు, కోటి రూపాయలు. ఆ మాట ఒక్కటి గట్టిగా పట్టుకున్నా మేం ఇంత పెద్ద లెటర్ రాసే పని ఉండకపోవు.

1. బ్యాంకులు, యూపీఐ కంపెనీలు: చిన్న వ్యాపారం పేరుతో క్యూఆర్ తీసుకున్న అకౌంట్‌లో అర్ధరాత్రి పూట, వేర్వేరు ఊర్ల నుంచి, వందలు ఐదొందల లెక్కన పైసలు పడుతుంటే ముందు ఆ క్యూఆర్ ఆపి తర్వాత షాపు ఉందో లేదో మనిషిని పంపి చూడండి. మా టిఫిన్ బండాయన అకౌంట్‌ని ఒక్క 1,800 కోసం ఆపగలిగినోళ్లు దీన్ని ఆపలేరంటే నమ్మడం కష్టం.

2. అన్ని యూపీఐ యాప్‌లలో "ఇది బెట్టింగ్ యాప్ వాళ్ల క్యూఆర్" అని రిపోర్ట్ చేసే బటన్ పెట్టండి, తెలుగులో, పేమెంట్ అయిన స్క్రీన్ మీదనే. ఇప్పుడు హెల్ప్‌లోకి పోయి, దాంట్లో ఇంకో హెల్ప్‌లోకి పోయి, ఇంగ్లీషులో టైప్ చేయాల్సి వస్తోంది. రిపోర్ట్ కొట్టినాక ఏం చేశారో ఒక మెసేజ్ అన్నా రావాలి.

3. ఫ్రీజ్ విషయంలో: వివాదంలో ఉన్న మొత్తం ఎంతో అంతవరకే లియన్ పెట్టండి, అంటే అంత పైసలే ఆపండి. ఏ కేసు, ఏ స్టేషన్, ఏ ఆఫీసర్ అనేది కాగితం మీద తెలుగులో ఇవ్వండి. వేరే రాష్ట్రం పోలీసులతో మాట్లాడే పని ఇక్కడి సైబర్ స్టేషన్ తీసుకోవాలి, బండి నడుపుకునే మనిషిని వేరే రాష్ట్రానికి పంపొద్దు. ఇది మా అన్నిట్లోకి అర్జంట్ డిమాండ్, ఎందుకంటే ఇందులో రోజూ తిండి ఆగిపోతోంది.

4. పోలీసు అధికారులు: ఆడి మోసపోయామని వచ్చినవాళ్లని ముద్దాయిలుగా చూడబోమని, వాళ్ల మీద కేసు పెట్టబోమని రెండు రాష్ట్రాల నుంచీ స్పష్టంగా ప్రకటన ఇవ్వండి. ప్రతి స్టేషన్ బోర్డు మీద 1930 పక్కనే ఆ మాట రాయించండి. ఇది చేయడానికి రూపాయి ఖర్చు లేదు, దీనితోనే కంప్లైంట్లు ఎన్ని రెట్లు పెరుగుతాయో మీరే చూస్తారు.

5. అకౌంట్ అద్దెకిచ్చే పిల్లల కోసం కాలేజీల్లో చెప్పండి. డ్రగ్స్ మీద చెప్తున్నారు, ర్యాగింగ్ మీద చెప్తున్నారు, నెలకి మూడు వేలకి పాస్‌బుక్ ఇస్తే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. అరెస్ట్ అయినోడి ఫోటో పేపర్‌లో వేసే బదులు ముందే ఒక గంట క్లాసు పెడితే బాగుంటది.

6. మేజర్ కానివాళ్లు అమ్మానాన్నల ఫోన్ నుంచి కడుతున్నారు. పెద్దవాళ్లు కావాలంటే తమ యూపీఐలో రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా పేమెంట్లు బంద్ పెట్టుకునే సెట్టింగ్ ఒకటి ఇవ్వండి, తీయాలంటే బ్రాంచికి పోయి తీయించుకునేలా. మా తల్లిదండ్రుల మీటింగ్‌లో ఎక్కువ మంది అడిగింది ఇదే.

ఇంకో మాట. పిల్లలదే తప్పు, పెంపకం తప్పు అని సలహాలు ఇచ్చేవాళ్లు ఈ లెటర్ కింద కూడా వస్తారు, రానివ్వండి. పిల్లగాడిని ఇంట్లో వాళ్లు అడుగుతారు, గ్రౌండ్‌లో నేను అడుగుతా, అది మేం చూసుకుంటాం. రోజుకో పేరు మీద మారే క్యూఆర్‌ని మేం ఇంట్లో కూర్చుని ఆపలేం.

బ్యాంకుకి మేం ఇచ్చిన రాతపూర్వక కంప్లైంట్‌కి 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద కంప్లైంట్లు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పోవచ్చని రూల్ ఉంది. గడువు దాటింది కాబట్టి అక్కడ కూడా వేస్తున్నాం, మిగతా తల్లిదండ్రుల కంప్లైంట్లు కూడా కలిపి. సైబర్ పోలీసు అధికారులు టైమ్ ఇస్తే పేమెంట్ స్క్రీన్‌షాట్లు, క్యూఆర్‌ల ఫోటోలు, టెలిగ్రామ్ లింకులు అన్నీ ఒక ఫైల్ చేసి పెట్టుకున్నాం, తెచ్చి చూపిస్తాం. ఆదివారం అయితే పొద్దున పది తర్వాత, అప్పటిదాకా ప్రాక్టీస్ ఉంటది.

ఇట్లు,
సికింద్రాబాద్‌లో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పే ఒక కోచ్, టీమ్ పిల్లల తల్లిదండ్రులు